బెల్లు కొడితే పాము తప్పుకుంటుందా?

సైకిలు మీద బడికి వెళ్ళేవారికి దారిలో మనుషులే కాదు, ఇంకా చాలామంది ఎదురవుతారు. కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంటుంది. తుమ్మపొదలోంచి ముంగిస ఒక్క ఉరుకున రోడ్డు దాటుతుంది. ఊరి చివర కుక్క వెంటపడుతుంది. పొద్దుగూకే వేళ పొలంగట్టు దిగివచ్చిన పాము తారురోడ్డు మీద అడ్డంగా పడుకొని ఉంటుంది.

మనిషి అడ్డం వస్తే బెల్లు కొడతాం, తప్పుకుంటాడు. మరి వీటికి బెల్లు కొడితే? మన సైకిలు వీటి కంటికి, చెవికి, ఒంటికి ఎలా తెలుస్తుంది? ఎప్పుడైనా ఆలోచించారా? ఈ సంగతి తెలుసుకుంటే మనకూ ప్రమాదం తప్పుతుంది, వాటికీ తప్పుతుంది.

చప్పుడు లేని బండి

నడిచేటప్పుడు మన పాదం ప్రతి అడుగుకూ నేలను కొడుతుంది. ఆ దెబ్బకు నేల సన్నగా అదురుతుంది. సైకిలు చక్రం అలా కాదు. అది లేచి పడదు, దొర్లిపోతుంది. పైగా దాని చుట్టూ గాలి నింపిన రబ్బరు టైరు ఉంది. గులకరాళ్ళ కుదుపును ఆ గాలి చాలావరకు మింగేస్తుంది. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. తన కొడుకు తొక్కే మూడు చక్రాల బండికి కుదుపు తగ్గించాలని ఆయన దాన్ని తయారుచేశాడు. ఆ టైరు వల్ల మన ఒంటికి సుఖం కలిగింది. దారిలో ఉన్న జంతువుకు మాత్రం మన రాక తెలియడం కష్టమైంది.

దీనికి వేగం కూడా తోడవుతుంది. మనం గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాం. సైకిలు మీద 15 కిలోమీటర్లు పోతాం. అంటే మూడింతల వేగంతో, అడుగుల చప్పుడు లేకుండా వెళుతున్నామన్నమాట. జంతువు మనల్ని పసిగట్టేలోపే దాని ముందుంటాం. దారిలో జరిగే చిక్కులకు చాలావరకు ఇదే కారణం.

పాము ఎలా వింటుంది?

పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరీ లేదు. లోపలి చెవి మాత్రం ఉంది. కింది దవడ నేలకు ఆనివున్నప్పుడు నేలలోని అదురు దవడ ఎముకల మీదుగా ఆ లోపలి చెవికి చేరుతుంది. గాలిలో వచ్చే శబ్దాలు కూడా పాముకు కొంతవరకు తెలుస్తాయి. అయితే సెకండుకు కొన్ని వందల కంపనాలుండే మందమైన శబ్దాలే దానికి బాగా అందుతాయి. సైకిలు బెల్లు గణగణలో ముఖ్యభాగం సెకండుకు వేల కంపనాలుండే సన్నని శబ్దం. కాబట్టి మన ప్రశ్నకు జవాబు దొరికింది. బెల్లు ఎంత కొట్టినా పాము తప్పుకుంటుందని నమ్మడానికి లేదు.

అసలు పాము రోడ్డు మీదికి ఎందుకు వస్తుంది? మన శరీరంలా పాము శరీరం తన వేడిని తానే తయారుచేసుకుని నిలుపుకోలేదు. పరిసరాల నుంచే వేడి తీసుకోవాలి. పగలంతా ఎండకు కాగిన తారురోడ్డు పొద్దుపోయాక కూడా వెచ్చగా ఉంటుంది. చుట్టూ పొలం చల్లబడ్డాక ఆ వెచ్చదనం కోసం పాము రోడ్డెక్కుతుంది. ఎలుకల కోసం, కప్పల కోసం ఒక చేలోంచి మరో చేలోకి పోతూ కూడా రోడ్డు దాటుతుంది. మనతో దానికి పనేమీ లేదు.

సైకిలు ఎక్కాం కదా, కాళ్ళు పైన ఉన్నాయి కదా అనుకోకండి. పెడలు కిందికి వచ్చినప్పుడు మీ పాదం నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలిచి చూడండి. జానెడు కూడా ఉండదు!

ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మన దేశంలో పాముకాటు మరణాలపై జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2020లో వెలువడింది. 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అది అంచనా వేసింది. వారిలో నాలుగోవంతుకు పైగా 15 ఏళ్ళలోపు పిల్లలే. మరణాలు ఎక్కువగా జరిగిన ప్రాంతాలలో తెలుగునాడు కూడా ఉంది. దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే వానల కాలంలోనే సంభవించాయి.

ఆగడానికి ఎంత చోటు కావాలి?

బెల్లు పనికిరానప్పుడు మిగిలింది బ్రేకు. అయితే బ్రేకు నొక్కగానే సైకిలు అక్కడికక్కడే ఆగిపోదు. లెక్క చూద్దాం.

గంటకు 15 కిలోమీటర్లంటే సెకండుకు సుమారు 4.2 మీటర్లు. ఎదుట ఏదో ఉందని కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఒక సెకండు గడిచిందనుకుందాం. ఆ సెకండులోనే సైకిలు 4.2 మీటర్లు పోయింది. బ్రేకు పడ్డాక వేగం ప్రతి సెకండుకూ 3 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే, పూర్తిగా ఆగడానికి ఇంకో 2.9 మీటర్లు కావాలి. మొత్తం 7 మీటర్లు.

ఇలాగే లెక్కిస్తే గంటకు 10 కిలోమీటర్ల వేగంలో 4 మీటర్లు చాలు. 20 కిలోమీటర్ల వేగంలో దాదాపు 11 మీటర్లు కావాలి. వేగం రెండింతలైతే ఆగే దూరం రెండింతలకు మించి పెరిగింది, గమనించారా? బ్రేకు పడ్డాక సైకిలు పోయే దూరం వేగం వర్గాన్నిబట్టి ఉంటుంది. అందువల్ల వేగం రెట్టింపైతే ఆ భాగం నాలుగింతలవుతుంది.

ఇవన్నీ పొడి రోడ్డు లెక్కలు. వానలో చక్రం అంచు తడిస్తే బ్రేకు దిమ్మలు జారుతాయి, దూరం ఇంకా పెరుగుతుంది. పాములు ఎక్కువగా తిరిగే కాలమూ, బ్రేకులు సరిగా పట్టని కాలమూ ఒకటే! అందుకే చీకట్లో వెళ్ళేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోండి. మీ దీపం వెలుగు ఎంత దూరం పడుతుందో, అంతలోపల ఆగగలిగే వేగంతోనే తొక్కాలి.

పాము కనబడితే దూరంగానే ఆగండి. అది దాటిపోయేదాకా నిలబడండి. సాధారణంగా పాము తన పొడవులో మూడోవంతు నుంచి సగం మేర ముందుకు లేచి కాటువేయగలదు. అంతకు ఎన్నో రెట్ల దూరంలో ఉంటే దానివల్ల మీకు హాని లేదు. రాయి విసరకండి. పక్కనుంచి వేగంగా దాటిపోదామని చూడకండి. అది జెర్రిపోతు అయితే విషమే లేదు, పైగా పొలంలో ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది.

ఒకవేళ కాటు పడితే మాత్రం సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి బయలుదేరకండి. కాలి కండరాలు కదిలినకొద్దీ విషం ఒంట్లో త్వరగా వ్యాపిస్తుంది. కదలకుండా కూర్చుని కేక వెయ్యండి. 108కి ఫోను చేయించండి. కాటుపడిన కాలు కదలకుండా చెక్కబద్ద ఆనించి గుడ్డ చుట్టవచ్చు. తాడుతో బిగించి కట్టడం, గాయం కోయడం, నోటితో పీల్చడం, మంత్రగాడి దగ్గరికి వెళ్ళడం, ఇవన్నీ ప్రాణం మీదికి తెస్తాయి. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల విషాలకూ పనిచేస్తుంది.

కుక్క ఎందుకు తరుముతుంది?

పాము సంగతి అలా ఉంటే, కుక్కకు మన రాక చాలా ముందే తెలుస్తుంది. దాని చెవి మనకు వినబడని సన్నని శబ్దాలను కూడా వింటుంది. మరి ఎందుకు తరుముతుంది? కుక్కల పూర్వీకులు వేటాడి బతికినవి. పారిపోయేదాన్ని వెంటాడడం ఆ జాతి నెత్తుటిలోనే ఉంది. దీనికితోడు తన వీధి తనదనే పట్టింపు ఒకటి. మీరు వేగం పెంచినకొద్దీ దానికి ఉత్సాహం పెరుగుతుంది. పరుగులో దాన్ని ఓడించడం మీవల్ల కాదు. ఈ ఆటలో చాలామందికి కుక్కపంటి కంటే కింద పడడం వల్లే దెబ్బలు తగులుతాయి.

పరుగు ఆగితే వేట ఆగుతుంది. నెమ్మదిగా వేగం తగ్గించి దిగండి. మీకూ కుక్కకూ నడుమ సైకిలు అడ్డం ఉంచండి. దాని కళ్ళలోకి గుచ్చి చూడకుండా మెల్లగా నడిపించుకుపొండి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీటి కింద 15 నిమిషాలపాటు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేయించుకుంటే ఆ జబ్బు రాకుండా ఆపవచ్చు. చిన్న గీత కదా అని ఇంట్లో చెప్పకుండా దాచకండి.

నెత్తిన తన్నే పక్షి

గూటిలో పిల్లలున్న కాకి ఆ చెట్టుకింద పోయేవారిని నెత్తిన తన్నడం మీరు చూసే ఉంటారు. ఈ పనిలో మన కాకిని మించిన పక్షి ఆస్ట్రేలియాలో ఉంది. దాని పేరు మాగ్‌పై. నలుపు, తెలుపు రంగుల్లో ఉంటుంది. అక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అది పిల్లలను పెంచే కాలం. ఆ రోజుల్లో కొన్ని మగపక్షులు వెనకనుంచి దూసుకువచ్చి సైకిలువారిని పొడుస్తాయి. నిజానికి ఇలా చేసేవి మగపక్షుల్లో నూటికి పదికి మించవు. కాని 2019 సెప్టెంబరులో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఒక వృద్ధుడు ఆ పక్షిని తప్పించుకోబోయి, సైకిలు దారితప్పి, కంచెకు గుద్దుకొని మరణించాడు. ఆయన ప్రాణం తీసింది పక్షి ముక్కు కాదు, కంగారులో తిరిగిన హ్యాండిల్. అందుకే అక్కడివారు పిల్లలకు చెప్పేమాట ఒక్కటే: దిగి నడవండి. మన కాకి దగ్గరా అదే మందు.

తీగ మీది పాలపిట్ట

చివరగా ఒక మంచి సంగతి. పక్షి రోడ్డుమీద గింజలు ఏరుకుంటూ, వాహనం 30 మీటర్ల దూరంలోకి రాగానే ఎగిరిందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కారు వస్తే దానికి దొరికే వ్యవధి 1.8 సెకండ్లు. మీ సైకిలు వస్తే 7.2 సెకండ్లు. సైకిలుకింద పక్షులు పడకపోవడానికి ఇదే కారణం.

తీగమీది పాలపిట్ట మీరు సాగిపోతుంటే కదలదు, ఆగి తేరిపార చూస్తే ఎగిరిపోతుంది. దాని భయం సైకిలును చూసి కాదు, తనమీద నిలిచిన చూపును చూసి. కాబట్టి కాస్త ముందుకు పోయి, పక్కకు తిరిగి ఆగండి. కిందికి దూకి మిడతను పట్టుకునేటప్పుడు దాని రెక్కల నీలం తళుక్కుమనడం తప్పకుండా చూస్తారు.

చేసి చూడండి

బండ్లు తిరగని ఆటస్థలంలో సుద్దతో ఒక గీత గీయండి. గీత దగ్గరకు రాగానే బ్రేకు నొక్కి, సైకిలు ఆగిన చోటును టేపుతో కొలవండి. నెమ్మదిగా ఒకసారి, మామూలుగా ఒకసారి తొక్కి చూడండి. తరువాత నేల తడిపి మళ్ళీ కొలవండి. మీ బ్రేకు పడే దూరం ఎంతో మీ నోటుపుస్తకంలోనే రాసిపెట్టుకోండి. బెల్లు మనుషుల కోసం, బ్రేకు దారిలో వచ్చే ప్రాణులన్నిటి కోసం.