జంటతారల గడియారము

విద్యార్థులారా! వేసవి రాత్రులలో ఉప్పలునందు గాని నాచారమునందు గాని మిద్దె యెక్కి ఉత్తరముగా చూచినచో సప్తర్షులు కానవచ్చును. ఆ ప్రాంతముననే కంటికి కానరాని యొక జంటతార కలదు. దాని పేరు డబ్ల్యు అర్సే మేజోరిస్. దాని వెలుగు మారుచుండుటను 1903లో మ్యుల్లరు, కెంఫు అను జర్మను పండితులు తెలిపిరి. ఆ రెండు సూర్యులును ఒకదాని నొకటి అంటుకొని, ఇంచుమించు 8 గంటల కొక చుట్టు తిరుగుచుండును. ఒకటి రెండవదాని కడ్డు వచ్చినప్పుడెల్ల వెలుగు తగ్గును. అదియే గ్రహణము.

ఈ గడియారము ఎల్లప్పుడు ఒకే తీరున నడువదు. తేలికతారనుండి బరువుతారకు ద్రవ్యము పారినచో పరిభ్రమణకాలము పెరుగును. ఎదురుగా పారినచో తగ్గును. ఒక్క చుట్టులో ఆ భేదము తెలియరాదు. కాని పదేండ్లలో సుమారు 11,000 చుట్లగును. ప్రతి చుట్టును మన మనుకొన్నదానికంటె సెకండులో నూరవవంతు ఎక్కువైనచో, పదేండ్లకు గ్రహణము 110 సెకండ్లు ఆలస్యమగును. కావున పాతవారు వ్రాసియుంచిన వేళలే ఇందుకు ఆధారము. మన పొరుగుననున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో రంగాపురమున నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శినితో ఇట్టి గ్రహణతారలను పరిశీలించిరి. ఆ రాత్రుల లెక్కలు నేటికిని విలువగలవి.

వేళ తప్పినచో నేమగును? హంసమండలమందలి యొక జంట 2022లో ఏకమగునని 2017లో అమెరికా పండితులు కొందరు చెప్పిరి. పూర్వవ్యాసమందలి అచ్చుతప్పువలన ఒక గ్రహణవేళ 12 గంటలు తారుమారైనదని 2018లో తేలెను; జోస్యము వీగిపోయెను. వృశ్చికమందలి వేరొక జంట మాత్రము 2008లో నిజముగనే కలిసిపోయి ప్రజ్వరిల్లెను. దాని పరిభ్రమణకాలము అంతకు పూర్వమే నానాటికి వేగముగా తగ్గుచుండుట పోలండు పండితుల పాత కొలతలలో పిమ్మట కనబడెను.