మూత తీయకు, అల్లుడూ



కెటిల్ గ్రిల్ కొన్నావనీ, ఈ ఆదివారమే పంది రిబ్స్ పెడతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం.

ఆ గుండ్రటి గ్రిల్ 1952లో షికాగో దగ్గర పుట్టింది. వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్‌కి మూతలేని గ్రిల్ మీద వంట విసుగు తెప్పించింది. గాలి వీస్తే మంట, వాన పడితే వంట బంద్. నీళ్ల మీద తేలే బోయాల కోసం ఆ కంపెనీ చేసే లోహపు గోళాన్ని ఆయన రెండు సగాలు చేసి, కిందిదాన్లో బొగ్గు పోసి, పైదాన్ని మూత చేశాడు. ఆ మూతకు గాలి రంధ్రాలు పెట్టాకే నిప్పు ఆరకుండా నిలిచింది. ఇప్పటికీ ఆ గ్రిల్‌లో నిప్పును నడిపేది గాలే.

పంది పక్కటెముకల మాంసంలో కొలాజెన్ ఎక్కువ. పెద్ద సెగకు మాంసం బిగుసుకుపోతుంది. సన్నసెగ మీద గంటల తరబడి ఉంచితే కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు గ్రిల్ వేడిని 225-250 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నిలుపుతారు. స్పేర్ రిబ్స్‌కు ఐదారు గంటలు పడుతుంది. మాంసం లోపలి వేడి 145కి చేరితే తినడానికి ప్రమాదం లేదు గానీ, 195 దాటితే గానీ మెత్తబడదు.

బొగ్గు బ్రికెట్లను గ్రిల్ అంచు వెంట రెండు వరసలుగా, వాటి మీద మరో రెండుగా సగం చుట్టు పేర్చి, ఒక్క కొసనే అంటించాలి. అవి ఒకదాన్నుంచి ఒకటి రాజుకుంటూ పోతాయి. మాంసం ఎప్పుడూ బొగ్గుకు పక్కనే ఉండాలి, పైన కాదు. మూత మీది గాలి రంధ్రాన్ని (వెంట్) మాంసం వైపు తెరిచి ఉంచి, వేడిని కింది వెంట్‌తో సర్దుకో. పెరిగిన వేడిని దించడం కష్టం కాబట్టి 225 చేరకముందే ఆ కింది వెంట్‌ను కాస్త కాస్తగా మూస్తూ రావాలి. పొగ కోసం హికరీ చెక్క ముక్కలు రెండు మూడు చాలు. తెల్లటి దట్టమైన పొగ మాంసాన్ని చేదెక్కిస్తుంది. పొగ పల్చబడి నీలంగా మారేదాకా ఆగి, అప్పుడే మాంసం పెట్టు.

దమ్ మీదున్న బిర్యానీ మూత ఎవరూ మాటిమాటికీ తీయరు కదా, ఇదీ అంతే. పైగా ఇక్కడ మూత తీస్తే వేడి పోవడమే కాదు, గాలి చొరబడి బొగ్గు భగ్గుమంటుంది.

ఎముకల వైపు పల్చటి పొరను ముందే లాగేయాలి. సాస్ లేకుండా పొడి మసాలాతో వడ్డించడం మెంఫిస్‌లో ప్రసిద్ధం. కాన్సస్ సిటీ తరహా తీపి సాస్ కావాలంటే చివరి అరగంటలోనే పుయ్యి, లేకపోతే చక్కెర మాడుతుంది. పటకారుతో ఒక కొస పట్టి ఎత్తినప్పుడు రిబ్స్ బాగా వంగి పైన మాంసం చీలితే ఉడికినట్టు. ఎముక నుంచి దానంతటదే ఊడిపోతే ఉడుకు మించినట్టే.

ఒక్క మాట మాత్రం తప్పకుండా విను. వానొచ్చినా చలేసినా గ్రిల్‌ను గ్యారేజీలోకి తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఆశీస్సులతో,
మామయ్య