ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు బ్యాకప్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం రాయమన్నారు. కథలు, కవితలు రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు కనుక మేము మాకు తెలిసిన పని గురించే రాస్తున్నాం. పీజీలో చేరాక ల్యాబ్‌లో సర్వర్ చూసుకునే పని మాకు అప్పగించారని ఇంట్లో చెబితే మా నాన్న అది హోటల్లో ఇడ్లీ అందించే సర్వర్ పని అనుకున్నాడు. "చదువుకుంటూ అదెందుకురా" అని బాధపడ్డాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు కాబట్టి ఆయన తప్పేం లేదు. ఆలోచిస్తే రెండు సర్వర్ల పనీ ఒకటే, అడిగినవాళ్లకు అడిగింది తెచ్చి ఇవ్వడం.

హాస్టల్లో మనకు ట్రంకు పెట్టె ఎలాగో, సొంత ల్యాప్‌టాప్ లేని విద్యార్థులకు ల్యాబ్ సర్వర్ అలాగ. ప్రాజెక్టు రిపోర్టులు, సర్వే లెక్కలు, స్కాన్ చేసిన కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు అన్నీ అందులోనే. ఆ డిస్కు పోతే అన్నీ పోతాయి. అందుకని రోజూ రాత్రి దాని నకలు వేరే బిల్డింగులో ఉన్న రెండో సర్వర్‌కు వెళ్లాలి. ఒకే గదిలో పెడితే పిడుగు పడినా, పైకప్పు కారినా రెండూ కలిసే పోతాయి.

ముందు టైము లెక్క చూద్దాం. ఇక్కడ చాలామంది పొరబడతారు, మేమూ పడ్డాం. నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో చెబుతారు, డిస్కు సైజును బైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైటు. అంటే 100 మెగాబిట్ల లైను సెకనుకు 12.5 మెగాబైట్లే మోస్తుంది. మా డిస్కులో 480 గిగాబైట్లు ఉన్నాయి. 4,80,000ను 12.5తో భాగిస్తే 38,400 సెకన్లు, అంటే 10 గంటల 40 నిమిషాలు. ఇది కాగితం మీది లెక్క. నిజంగా చేస్తే మాకు 13 గంటలు పట్టింది. రాత్రి 9కి మొదలుపెడితే పొద్దున 10 దాటుతుంది, అప్పటికి క్లాసులు మొదలై అందరూ ఫైళ్లు మారుస్తూ ఉంటారు.

సారును బతిమాలి 1000 మెగాబిట్ల స్విచ్ తెప్పించాం. లెక్క ప్రకారం గంటా 4 నిమిషాల్లో అయిపోవాలి. కానీ వేగం ఇసుమంత కూడా పెరగలేదు! రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, తప్పు కేబులు చివర కనెక్టరులో ఉంది. 100 మెగాబిట్లకు కేబులులోని నాలుగు జతల్లో రెండు జతలు చాలు. 1000కి నాలుగూ కావాలి. మా దాంట్లో ఒక తీగ సరిగా దిగలేదు, అందుకని అది చప్పుడు చేయకుండా పాత వేగానికి దిగిపోయింది. లినక్స్‌లో ఈథ్‌టూల్ అనే కమాండు ఇస్తే లైను ఏ వేగంతో కలిసిందో ఒక్క క్షణంలో చెబుతుంది. అది మొదటి రోజే చూసుంటే బాగుండేది.

అసలు రోజూ 480 గిగాబైట్లూ పంపడం ఎందుకు? నిన్నటికీ ఇవాళ్టికీ మారింది కొంచెమే కదా. ఈ ప్రశ్నకు జవాబే ఆర్‌సింక్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో దీన్ని విడుదల చేశారు. ఉచితంగా దొరుకుతుంది. మొదట అది ప్రతి ఫైలు సైజునూ, మార్చిన సమయాన్నీ చూస్తుంది. రెండూ కలిస్తే ఆ ఫైలును ముట్టదు. తేడా ఉంటే ఫైలు మొత్తాన్ని కాకుండా మారిన ముక్కలనే పంపుతుంది. పాత ఫైలు ఆ సర్వర్‌లో, కొత్త ఫైలు ఈ సర్వర్‌లో ఉంటే, రెంటినీ పక్కపక్కన పెట్టకుండా తేడా ఎలా తెలిసింది? ఇదే మాకు బాగా నచ్చిన భాగం.

అవతలి సర్వర్ తన పాత ఫైలును సమానమైన ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక మొత్తం కట్టి ఆ మొత్తాలను మాత్రమే పంపుతుంది. వార్డెన్ సారు స్టాకు రిజిస్టరంతా పంపకుండా పేజీకొక మొత్తం చెప్పినట్టు. ఇవతలి సర్వర్ కొత్త ఫైలులో ఒక్కో బైటూ జరుగుతూ అదే మొత్తం ఎక్కడ వస్తుందో వెతుకుతుంది. ప్రతిసారీ మొదటి నుంచి కూడితే తెల్లారిపోతుంది. అందుకే ఒక ఉపాయం. 4, 9, 2, 7, 5 అనే అంకెల్లో మూడేసి కూడాలి అనుకోండి. మొదటి మూడు 15. తర్వాతి మూడింటికి మళ్లీ కూడనక్కర లేదు, 15లోంచి వెళ్లిపోయిన 4 తీసి వచ్చిన 7 కలిపితే 18. మళ్లీ 9 తీసి 5 కలిపితే 14. కావాలంటే కూడి చూడండి. ముక్క ఎంత పెద్దదైనా పని అంతే.

అయితే 9, 2, 7 కూడినా 18, 7, 9, 2 కూడినా 18. వరస మారితే పట్టుకోవడానికి స్థానాన్ని బట్టి ఇంకో లెక్క కూడా అందులో ఉంటుంది. అయినా అప్పుడప్పుడు వేరే ముక్కలకు ఒకే మొత్తం రావచ్చు. అందుకని మొత్తం కలిసినప్పుడు మాత్రం రెండో, గట్టి పరీక్ష చేస్తుంది. అదీ కలిస్తే "నీ దగ్గరున్న 37వ ముక్కే వాడుకో" అని నంబరు పంపుతుంది. కలవని బైట్లను మాత్రం ఉన్నవి ఉన్నట్టు పంపుతుంది.

దీన్ని ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా నడపాలి. అప్పుడు దారిలో ఎవరూ చదవలేరు. ఎవరి ఆదాయ పత్రమో పక్క ల్యాబ్‌వాళ్లు చూడటం ఎవరికి ఇష్టం? ఇంకొకటి, నడుస్తున్న డేటాబేసు ఫైళ్లను నేరుగా కాపీ చేయకూడదు. సగం పాతది, సగం కొత్తది వచ్చి తెరుచుకోదు. ముందు డంప్ తీసి దాన్ని పంపాలి.

ఇక మా తప్పు సంగతి. ఆర్‌సింక్‌లో డిలీట్ అనే ఆప్షన్ ఉంది. ఇక్కడ లేనివి అక్కడ కూడా తీసేస్తుంది. రెండు చోట్లా అచ్చు ఒకేలా ఉంటుందని మేము సంతోషంగా పెట్టుకున్నాం. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది గానీ డేటా డిస్కు మౌంట్ కాలేదు, దాని ఫోల్డరు ఖాళీగా కనిపించింది. రాత్రి ఆర్‌సింక్ దాని టైముకు అది నడిచింది. ఖాళీ ఫోల్డరు చూసి, చెప్పిన మాట తు.చ. తప్పకుండా అవతలి సర్వర్‌ను కూడా ఖాళీ చేసింది. పొద్దున చూసి మా చేతులు చల్లబడ్డాయి. డిస్కును చేత్తో మౌంట్ చేస్తే డేటా ఉంది, బతికాం. కానీ మళ్లీ మొత్తం పంపాలి. కేబులు సంగతి ఇంకా తెలియని రోజులవి. ఆ 13 గంటలూ అందరి ప్రాజెక్టులకూ ఒకే ఒక పాత డిస్కు దిక్కు. మేము ఆ రాత్రి ల్యాబ్ మెట్ల మీదే కూర్చున్నాం.

అదే వారంలో ఒక సీనియర్ అన్న వచ్చాడు. ఆయనా హాస్టల్లో చదివినవాడే. ఊళ్లు తిరిగి 212 కుటుంబాల సర్వే ఎక్కించిన ఫోల్డరును ముందురోజు పొరపాటున తీసేశాడు. "బ్యాకప్ ఉంటుంది కదా తమ్ముడూ" అన్నాడు. లేదు. ఆయన తీసేసిన రాత్రే మా ఆర్‌సింక్ కూడా తీసేసింది. అద్దంలో బొమ్మకు, బ్యాకప్‌కు తేడా ఆయన ముఖం చూశాక తెలిసింది. కాగితం ఫారాలు ఉన్నాయి కాబట్టి 19 రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించాడు, మేము రాత్రిళ్లు వెళ్లి చదివి చెప్పాం.

పెద్దవాళ్లకూ ఇలా జరిగింది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రాత్రివేళ రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేసు సర్వర్‌లో ఫోల్డరు తీసేశాడు. సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలాయి. రోజూ తీస్తున్నామనుకున్న డంపులు చూస్తే అసలు తయారే కావడం లేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. అక్కడి డిస్కులు నిదానం కావడంతో దాన్ని కాపీ చేయడానికే 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా దాచుకోకుండా వాళ్లే ప్రపంచానికి చెప్పారు, అది మాకు గొప్పగా అనిపించింది.

ఇప్పుడు మేము మూడు మార్పులు చేశాం. డిస్కులో ఒక గుర్తు ఫైలు పెట్టాం, అది కనబడకపోతే కాపీ మొదలే కాదు. రోజుకొక తేదీ ఫోల్డరు తీస్తున్నాం. ఆర్‌సింక్‌లో లింక్ డెస్ట్ అనే ఆప్షన్ ఇస్తే మారని ఫైళ్లకు హార్డ్ లింకు పెడుతుంది కాబట్టి 30 రోజుల ఫోల్డర్లున్నా చోటు 30 రెట్లు పట్టదు. నెలకోసారి ఏదో ఒక ఫోల్డరును వెనక్కి తెచ్చి, తెరిచి చూస్తున్నాం.

హాస్టల్ కంప్యూటరు గదిలో లినక్స్ ఉన్న రెండు పాత మిషన్లు, ఒక కేబులు ఉంటే మీరూ చేయవచ్చు. ఒక పెద్ద టెక్స్ట్ ఫైలు పంపండి. మధ్యలో ఒక మాట మార్చి స్టాట్స్ ఆప్షన్‌తో మళ్లీ పంపండి. లిటరల్ డేటా దగ్గర చిన్న అంకె, మ్యాచ్డ్ డేటా దగ్గర పెద్ద అంకె వస్తాయి. డిలీట్ వాడే ముందు డ్రై రన్ ఇచ్చి ఏం తీసేస్తుందో చదవండి. ఒకే మిషన్‌లో రెండు ఫోల్డర్ల మధ్య చేస్తే మాత్రం ముక్కల లెక్క కనబడదు. అక్కడ నెట్‌వర్క్ లేదు కనుక అది ఫైలు మొత్తాన్నీ కాపీ చేసేస్తుంది.