పాత కారు కమాన్లకు బుష్‌ల ఎంపిక: గట్టిదెల్లా మేలైనదేనా?

మన పట్టణములలో పాత అంబాసిడరు కార్లు నేటికిని అక్కడక్కడ కానవచ్చుచున్నవి. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై రూపొందిన ఈ కారు తయారీ కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 2014లో నిలిచిపోయినది. తయారీ నిలిచినను వాడుక నిలువలేదు. పెద్దల నాటి బండిని అమ్ముటకు మనసొప్పక కాపాడుకొనుచున్న కుటుంబములు కలవు. అట్టి బండిలో వయసుతోపాటు తప్పక చెడు భాగము ఒకటి కంటికి కనబడని చోట నుండును. వెనుక కమాన్లను కారు దేహముతో కలుపు రబ్బరు ముక్క అది. దానినే బుష్ అందురు. అది అరిగినపుడు "పాతది ఎందుకు? ఇంతకన్న గట్టిది వేయించండి" అను సలహా విడిభాగముల దుకాణములలో తరచుగా వినబడును. గట్టిదెల్లా మేలైనదేనా? ఈ ప్రశ్నను కొంత శాస్త్రముతోను, కొంత మా అనుభవముతోను పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కమాను చేయు పని

కమాన్ అనగా పారసీ భాషలో విల్లు. ఉర్దూ ద్వారా మన మెకానిక్కుల తెలుగులో స్థిరపడిన మాట యిది. విల్లువలె వంగిన ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన కట్టయే కమాను. అంబాసిడరు వెనుక ఇరుసుకు ఇరువైపుల ఒక్కొక్క కమాను కలదు. ఇరుసు యూ బోల్టులతో దానికి బిగింపబడి యుండును.

కమాను ముందు కొన ఒక బోల్టుతో కారు దేహమునకు స్థిరముగా తగిలింపబడును. వెనుక కొన మాత్రము షాకిల్ అను చిన్న ఊగుడు కడ్డీల జతనుండి వ్రేలాడును. దీనికి కారణము కలదు. బరువు పడినపుడు విల్లు చదునగును. చదునైన విల్లు కొనల మధ్య దూరము పెరుగును. ఆ పెరుగుదలకు తావిచ్చునది షాకిల్. దానిని ఊగనీయనిచో కమాను తన పని చేయజాలదు.

ముందు కొన పని వేరు. ఇంజను శక్తితో వెనుక చక్రములు నేలను వెనుకకు నెట్టగా కారు ముందుకు సాగును. ఆ తోపును ఇరుసునుండి కారు దేహమునకు అందించునది కమాను ముందు కొనయే. బ్రేకు వేసినపుడు వెనుక చక్రముల ఈడ్పును భరించునదియు అదియే. కావున ముందు బుష్ నిలుపవలెను. వెనుక బుష్ కదలనీయవలెను. రెండును చూచుటకు ఒకే విధముగా నున్నను వాని ధర్మములు భిన్నములు. ఎంపికలో మొదట గుర్తుంచుకొనవలసినది ఈ భేదమే.

ముందు బుష్ అరిగిన ప్రమాదమెంతో చిన్న లెక్కతో తెలియగలదు. రెండు కమాన్ల మధ్య దూరము ఒక మీటరు అనుకొందము. ఒకవైపు బుష్ నలిగి ఇరుసు ఆ ప్రక్కన 10 మిల్లీమీటర్లు జరిగినచో, ఇరుసు నూరవ వంతు రేడియన్, అనగా అర డిగ్రీకి పైగా వంకరగును. స్టీరింగు పట్టినవాని ప్రమేయము లేకయే వెనుక చక్రములు బండి దిశను మార్చబూనును. తడిసిన రోడ్డుపై హఠాత్తుగా బ్రేకు వేసినపుడు ఈ అర డిగ్రీ సామాన్యమైనది కాదు.

మా అనుభవము

కొన్నేండ్ల క్రిందట మా మిత్రబృందములో ఒకరి ఇంటి అంబాసిడరుకు మేమందరము కలసి మరమ్మతు తలపెట్టితిమి. మిత్రుని తండ్రిగారిని వారమునకు రెండు మారులు ఆసుపత్రికి తీసుకొనిపోవలసియుండెను. బండి వెనుక భాగము ప్రక్కలకు ఊగుచుండుటచే వారికి భయము కలుగుచుండెను. మేము ఉత్సాహము కొలది దొరికినవానిలో మిక్కిలి గట్టివైన పాలియురెథేన్ బుష్‌లను ముందు కొనలకు, షాకిళ్లకు అన్నింటికిని వేయించితిమి.

మొదటి దినమున బండి గీత గీసినట్లు నడచినది. మేము గర్వించితిమి. కాని 60 కిలోమీటర్ల వేగము దాటగానే వెనుక సీటు క్రింద హోరు మొదలయ్యెను. ప్రతి గుంటలోను దెబ్బ సూటిగా తగులుచుండెను. తండ్రిగారు నవ్వుచునే, "బేటా, బండి బాగైందంటున్నారు. నా నడుము మాత్రం ఆ మాట ఒప్పుకోవడం లేదు" అనిరి. మూడు నెలలు గడచిన పిదప బండి క్రిందికి దూరి చూడగా, కమాను ముందు కొనను పట్టియుంచు రేకు వద్ద వెంట్రుకవంటి పగులు కనబడెను. నల్లని పూత మాటున తుప్పు మా బుష్‌లకన్న ముందే ఉన్నది. దెబ్బను కొంత మ్రింగుచుండిన రబ్బరును తొలగించి మేము ఆ రేకును తొందరపెట్టితిమి. అది రోడ్డుపై ఊడియుండినచో, వెనుక సీటులో నున్నది ఎవరో తలచుకొనిన నేటికిని మాకు ఒళ్లు జలదరించును.

అంబాసిడరుకు లారీవలె వేరు ఛాసిస్ లేదు. రేకుల దేహమే బరువంతయు మోయును. కావున బుష్ తరువాత దెబ్బ తినునది ఆ రేకే. ఈ సంగతి మాకు ముందే తెలియును, కాని చూడలేదు.

హోరుకు కారణము

ఆ హోరు ఎందుకు వచ్చినదో భౌతికశాస్త్రము చెప్పగలదు. స్థితిస్థాపకమగు ఆధారముపై నిలిపిన ప్రతి వస్తువునకు ఒక సహజ పౌనఃపున్యము కలదు. అది ఆధారపు గట్టిదనము యొక్క వర్గమూలమునకు అనులోమముగా నుండును. గట్టిదనము నాలుగు రెట్లయిన, సహజ పౌనఃపున్యము రెండు రెట్లగును. సహజ పౌనఃపున్యమునకు సుమారు 1.41 రెట్లు మించిన కంపనములను మాత్రమే ఆధారము తగ్గింపగలదు. అంతకు లోబడిన వానిని తగ్గింపకపోగా పెంచును.

ఉదాహరణకు మెత్తని బుష్‌తో సహజ పౌనఃపున్యము సెకనుకు 20 అనుకొందము. అపుడు 28కి మించిన కంపనములన్నియు తగ్గును. నాలుగు రెట్లు గట్టిదైన బుష్ వేసిన, సహజ పౌనఃపున్యము 40 అగును. 57కి మించినవి మాత్రమే తగ్గును. నాలుగు గేర్ల అంబాసిడరులో టాప్ గేరున ప్రొపెల్లర్ షాఫ్టు ఇంజను వేగముతోనే తిరుగును. నిమిషమునకు 2400 చుట్లనగా సెకనుకు 40. మెత్తని బుష్ సుమారు మూడవ వంతుకు తగ్గింపగల ఈ కంపనము, గట్టి బుష్‌తో అనునాదమునకే దారితీయును. ఇవి లెక్క కొరకు తీసుకొనిన అంకెలే యైనను, మేము వినిన హోరు స్వభావము ఇట్టిదే.

మూడు రకముల బుష్‌లు

మొదటిది రబ్బరు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకముతో రబ్బరును కాచి గట్టిపరచు విధానమును కనుగొనెను. నేటి బుష్‌లకు అదియే మూలము. లోపలి గొట్టమునకు, బయటి గొట్టమునకు నడుమ రబ్బరు అతికించిన దానిని మెకానిక్కులు సైలెంట్ బ్లాక్ అందురు. దీనిలో ఏ భాగమును జారదు, రబ్బరే మెలితిరుగును. గ్రీజు అవసరము లేదు.

రెండవది పాలియురెథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందము ఈ రసాయన కుటుంబమునకు పునాది వేసెను. ఇది నూనెకు, అరుగుదలకు రబ్బరుకన్న బాగుగా తట్టుకొనును. కాని లోపలి గొట్టముపై జారుచు తిరుగును గనుక తగిన గ్రీజు లేనిచో కిర్రుమనును.

మూడవది గన్‌మెటల్ బుష్. బరువు మోయు బండ్లకిది తగును. క్రమము తప్పక గ్రీజు పెట్టవలెను; కంపనమును ఏమాత్రమును ఆపదు. ఇంటి కారుకు దీనిని మేము సూచింపము.

గట్టిదనమును షోర్ ఏ అను కొలతతో తెలుపుదురు. బుష్‌ల రబ్బరు సాధారణముగా 55 నుండి 70 వరకు, పాలియురెథేన్ 80 నుండి 95 వరకు ఉండును. కొనునపుడు రంగును కాక ఈ అంకెను అడుగవలెను. బుష్ గోడ మందము కూడ చూడదగినది. ఒకే పదార్థమైనను పలుచని గోడ గల బుష్ మరింత గట్టిగా పనిచేయును.

ఎంపిక క్రమము

మొదట బండిని సమతలమున నిలిపి, ముందు చక్రములకు అడ్డు పెట్టి, దృఢమైన స్టాండ్లపై వెనుక భాగమును నిలుపవలెను. ఒక్క జాకీని నమ్మి ఎవ్వరును బండి క్రిందికి పోరాదు. కమాను తగులు చోట్ల మట్టిని, పూతను గీకి, చిన్న సుత్తితో తట్టి చూడవలెను. మంచి రేకు ఖంగుమనును. తుప్పు తిన్నది మొద్దుగా పలుకును. రేకు చెడినచో ముందు వెల్డింగు, పిమ్మటనే బుష్.

తరువాత బండిని నేలపై దింపి, స్టీరింగును సూటిగా నుంచి, ముందు వెనుక చక్రముల నడిమి దూరమును ఇరువైపుల కొలువవలెను. అంబాసిడరుకు ఇది 2464 మిల్లీమీటర్లు. రెండు వైపుల భేదము కనబడినచో ఇరుసు వంకరయైనదని అనుమానింపవలెను.

రేకు గట్టిగా నుండి, బండి తరచు బరువుతో దూరము పోవునదైనచో, ముందు కొనకు మాత్రము 80 ప్రాంతపు పాలియురెథేన్ వాడవచ్చును. షాకిళ్లకు రబ్బరే తగినది. వృద్ధులు, రోగులు ప్రయాణించు బండికి అన్ని చోట్లను నాణ్యమైన రబ్బరే ఉత్తమము. దేనినైనను రెండు వైపుల ఒకేసారి మార్చవలెను.

బిగింపులో ఒక మెలకువ కలదు. సైలెంట్ బ్లాక్ బోల్టును బండి తన బరువుతో చక్రములపై నిలిచినపుడే తుదిగా బిగింపవలెను. చక్రములు వ్రేలాడుచుండగా బిగించినచో, నేలపై దింపగానే రబ్బరు మెలిపడి, ఎల్లపుడును ఆ మెలికతోనే పనిచేసి త్వరలో చినుగును. యూ బోల్టులను కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల బిగింపవలెను. కమాన్లపై డీజిలు, పాత ఆయిలు కొట్టు అలవాటును మానవలెను. అవి సహజ రబ్బరును ఉబ్బించి మెత్తపరచును.

మా మిత్రుని బండికి పగిలిన చోట క్రొత్త రేకు అతికించి, షాకిళ్లకు మరల రబ్బరు వేయించితిమి. హోరు తగ్గినది, బండి నేటికిని సూటిగానే నడచుచున్నది. తండ్రిగారు వెనుక సీటులో కూర్చుండి దారిపొడవున కునుకు తీయుచున్నారు. బుష్ సరియైనదని చెప్పుటకు అంతకు మించిన కొలత మాకు తెలియదు.