ఒంటికి రాసే నూనెలో కల్తీ – కొన్ని పరీక్షలు

తినే నూనెలో కల్తీ అంటే అందరం ఉలిక్కిపడతాం. ఒంటికి రాసే నూనె దగ్గరకొచ్చేసరికి "కడుపులోకి పోయేది కాదుగా" అని వదిలేస్తాం. పసిబిడ్డకు నువ్వుల నూనె పట్టించి, నలుగు పెట్టి, కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసే ఇళ్ళు మనవి. ఆ నూనెంతా చర్మం మీదే ఆగిపోతుందని ఎవరు చెప్పారు? ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిస్తే ఎపిడెమిక్ డ్రాప్సీ అనే జబ్బు వస్తుంది. కాళ్ళు వాస్తాయి, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో ఇది 60 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అది తిన్నవాళ్ళ సంగతి. అలాంటి నూనెతో మర్దనా చేయించుకున్న వారికీ ఈ జబ్బు వచ్చినట్లు 1985లోనే వైద్య పత్రికలో వెలువడింది.

అయితే ఒంటి నూనెల్లో ఎక్కువగా అనుమానించవలసింది లిక్విడ్ పారాఫిన్‌ని. పెట్రోలియం నుంచి తీస్తారు. రంగు లేదు, వాసన లేదు, చవక. బాగా శుద్ధి చేసినది చర్మానికి చెరుపు చేయదు. లేబుల్ మీద దాని పేరు రాసి అమ్మితే నాకు పేచీ లేదు. "స్వచ్ఛమైన నువ్వుల నూనె" అని రాసి, నువ్వుల ధర పుచ్చుకుని, దీన్ని పోస్తేనే మోసం.

పట్టుకోవడం సులువే. పరీక్షనాళికలో 2 మి.లీ. నూనె, అంతే పరిమాణంలో అర నార్మల్ ఆల్కహాలిక్ పొటాష్ పోసి, మరిగే నీళ్ళలో పావుగంట ఉంచాలి (ఆల్కహాల్ కాబట్టి మంట మీద నేరుగా పెట్టకండి). తర్వాత 10 మి.లీ. వేడి నీళ్ళు కలపాలి. మొక్కల నూనె క్షారంతో సబ్బుగా మారి నీళ్ళలో కరుగుతుంది. పారాఫిన్ సబ్బుగా మారదు, కనుక ద్రవం మసకబారుతుంది. ఈ ఏడాది మా లాబొరేటరీలో బజారు నుంచి తెచ్చిన ఒక మర్దనా నూనె మజ్జిగ తేటలా తెల్లబోయింది. లేబుల్ మీద మాత్రం నువ్వు పువ్వు బొమ్మ! ఒక్క హెచ్చరిక: హోహోబా లాంటివి నిజానికి ద్రవ మైనాలు. అవి స్వచ్ఛమైనవైనా మసకబారతాయి, కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

నువ్వుల నూనెకు బోడోయిన్ పరీక్ష ఉందిగా అని మిత్రులు అడుగుతుంటారు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త ఫర్‌ఫురాల్ వేసి కుదిపితే అడుగున ఆమ్లం గులాబీ రంగు తిరుగుతుంది. నిజమే. కానీ అది నువ్వుల నూనె ఉందని చెబుతుందే గాని, అదొక్కటే ఉందని చెప్పదు. సగానికి సగం పారాఫిన్ పోసినా గులాబీ రంగు వస్తూనే ఉంటుంది.

కొబ్బరి నూనె సంగతి ఇంకా తమాషా. దాని సెపోనిఫికేషన్ విలువ 250కి తగ్గదు, అయొడిన్ విలువ 7.5–10 మధ్య ఉంటుంది. 255, 9 ఉన్న నూనెలో నూటికి 10 వంతులు పారాఫిన్ కలిపారనుకోండి. పారాఫిన్‌కు రెండూ దాదాపు సున్నా. అయొడిన్ విలువ 8.1కి దిగుతుంది, అంటే హద్దులోనే ఉంది, దొంగ దొరకడు. సెపోనిఫికేషన్ విలువ 230కి పడిపోతుంది, అక్కడ దొరుకుతాడు. పారాఫిన్‌కు బదులు 30 వంతులు పామ్ గింజల నూనె కలిపితే కథ తిరగబడుతుంది. దాని సెపోనిఫికేషన్ విలువ 245 అనుకుంటే మిశ్రమానిది 252, ఏ లోటూ కనిపించదు. అయొడిన్ విలువ 18 అనుకుంటే మిశ్రమానిది 11.7, హద్దు దాటింది. అందుకే ఒక్క అంకె చూసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళను నేను నమ్మను. ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టిందా లేదా చూడటం ఇంటి పరీక్షగా మంచిదే గాని, పామ్ గింజల నూనె కూడా చలికి గడ్డకడుతుంది.

ఇక బలురక్కసి. అనుమానమున్న నూనెలో అంతే గాఢ నైట్రిక్ ఆమ్లం పోసి జాగ్రత్తగా కుదిపితే, అడుగున ఆమ్లపు పొర ఎర్రటి నారింజ రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. ఇది మోటు పరీక్ష, కొద్దిపాటి కల్తీ దీని కంటపడదు. రంగు రాలేదని ఆ నూనె బిడ్డకు రాయకుండా, పలుచటి పొర క్రొమటోగ్రఫీ చేసే ప్రయోగశాలకు నమూనా పంపాలి.