కీ కింద స్ప్రింగు: గేమింగ్ కీబోర్డు కొనేముందు ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసినవి

వార్షిక పరీక్షలు అయిపోగానే పిల్లలు అడిగే వస్తువుల్లో ఈమధ్య గేమింగ్ కీబోర్డు ఒకటి చేరింది. మామూలు కీబోర్డు కొన్ని వందల్లో వస్తుంది. పిల్లలు చూపించేది రెండు మూడు వేల నుంచి మొదలై పది వేలు దాటిపోతుంది. "అంత డబ్బు దేనికి?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. "మెకానికల్ స్విచ్‌లు నాన్నా" అని జవాబు వస్తుంది. ఆ మాటకు అర్థం తెలియకపోతే రెండే దారులు మిగులుతాయి. వద్దని కసరడం, లేదా రంగురంగుల లైట్లు చూసి కొనేయడం. రుణం ఇచ్చేముందు ప్రాజెక్టు రిపోర్టు చదివే కుటుంబాలం మనం. ఇంటి ఖర్చును కూడా అలాగే చదువుదాం.

మనకు కొత్త వస్తువు కాదు

మెకానికల్ కీబోర్డు ఆటగాళ్ళకన్నా ముందే మన కౌంటర్లకు వచ్చింది. బ్యాంకుల కంప్యూటరీకరణపై రంగరాజన్ కమిటీ నివేదిక 1984లో వచ్చింది. ఆ తర్వాత లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు బ్రాంచీల్లోకి అడుగుపెట్టాయి. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎం.ఎక్స్. అనే స్విచ్‌ను తయారుచేసింది కూడా ఆ దశకంలోనే. నేటి గేమింగ్ కీబోర్డుల్లో చాలావాటికి ఆ స్విచ్చే మూలం.

మన దేశంలో దాన్ని సామాన్యుల వేళ్ళ దాకా తెచ్చినది టి.వి.ఎస్. గోల్డ్ కీబోర్డు. బ్యాంకుల్లో, దుకాణాల బిల్లింగు కౌంటర్లలో 'టక టక' మని మోగే ఆ బరువైన కీబోర్డు గుర్తుందా? చాలా ఏళ్ళు అది చెర్రీ వారి నీలం స్విచ్‌లతోనే వచ్చింది. 2010 జూలైలో రూపాయి గుర్తును ప్రభుత్వం ఆమోదించాక, ఆ గుర్తుతో 'భారత్' అనే రకాన్ని కూడా తెచ్చారు. కాబట్టి పిల్లవాడు అడుగుతున్న వస్తువు మీద సీనియర్ క్యాషియర్లు ఎందరో ఎప్పుడో చెయ్యి తిప్పేసి ఉన్నారు.

కీ లోపల ఏముంది?

మామూలు కీబోర్డులో కీల కింద ఒక పల్చటి పొర, దాని మీద గుమ్మటాల్లాంటి రబ్బరు బుడిపెలు ఉంటాయి. కీ నొక్కితే బుడిపె అణగి కింది పొరల్ని కలుపుతుంది. అక్షరం పడాలంటే దాదాపు అడుగు దాకా నొక్కాలి. కొంతకాలానికి రబ్బరు పట్టు తప్పుతుంది. అప్పుడు ఒక కీ మెత్తగా, ఇంకొకటి మొండిగా తయారవుతుంది.

మెకానికల్ కీబోర్డులో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్ ఉంటుంది. అందులో ఒక ప్లాస్టిక్ కాడ, దాని కింద ఉక్కు తీగ చుట్టిన స్ప్రింగు, పక్కన రెండు లోహపు రేకులు ఉంటాయి. కాడ కిందికి దిగినప్పుడు రేకులు కలుస్తాయి, అక్షరం పడుతుంది. వేలు తీస్తే స్ప్రింగు కాడను పైకి నెడుతుంది. సాధారణ ఎం.ఎక్స్. స్విచ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. అక్షరం మాత్రం దాదాపు సగం దూరంలోనే, అంటే 2 మిల్లీమీటర్ల దగ్గరే పడుతుంది. అడుగు దాకా గుద్దాల్సిన పని లేదు. అదనంగా చెల్లించే డబ్బులో ముఖ్యభాగం ఈ స్విచ్‌లకే. లైట్లకు కాదు.

మూడు రకాల స్పర్శ

స్విచ్‌లు వందల రకాలున్నా, వేలికి తెలిసే తేడాలు మూడే. చెర్రీ సంస్థ ప్రకటించిన కొలతలతో వాటిని చూద్దాం.

1. ఎరుపు, సాఫీ రకం: పైనుంచి కింది దాకా అడ్డు లేకుండా దిగుతుంది. శబ్దం తక్కువ. కావలసిన బలం 45 సెంటీన్యూటన్లు. అక్షరం 2 మి.మీ. దగ్గర పడుతుంది.

2. గోధుమ, మెట్టు రకం: సగం దిగాక వేలికి చిన్న మెట్టు తగిలినట్టు ఉంటుంది. అక్షరం పడిందని వేలికే తెలుస్తుంది. పెద్ద శబ్దం రాదు. బలం 55 సెంటీన్యూటన్లు, దూరం 2 మి.మీ.

3. నీలం, టిక్కు రకం: మెట్టుతోపాటు చెవికి 'టిక్' మని వినబడుతుంది. లోపలి కాడ రెండు ముక్కలుగా ఉండి, ఒకటి చటుక్కున కిందికి దూకడం వల్ల ఆ శబ్దం పుడుతుంది. బలం 60 సెంటీన్యూటన్లు, దూరం 2.2 మి.మీ.

ఒక జాగ్రత్త. ఈ రంగులు చెర్రీ పెట్టుకున్న గుర్తులు. గేటరాన్, కైల్, అవుటెము వంటి చైనా తయారీదారులు చాలావరకు వాటినే అనుసరించారు. కానీ రేజర్ సంస్థ లెక్క వేరు. అక్కడ ఆకుపచ్చ అంటే టిక్కు రకం, నారింజ అంటే మెట్టు రకం, పసుపు అంటే సాఫీ రకం. కాబట్టి రంగు పేరుతో ఆగిపోకుండా, పెట్టె మీద రకం, బలం, దూరం చూడాలి.

పది రూపాయల నాణేల పరీక్ష

45, 60 అనే అంకెలు వింటే ఏమీ బోధపడదు. మన ఇళ్ళలో చిల్లరకు కొరత ఉండదు కదా, దానితోనే కొలుద్దాం. పది రూపాయల నాణెం బరువు దాదాపు 7.7 గ్రాములు. 45 సెంటీన్యూటన్లంటే సుమారు 46 గ్రాముల బరువు, అంటే ఆరు నాణేలు. 60 సెంటీన్యూటన్లంటే సుమారు 61 గ్రాములు, అంటే ఎనిమిది నాణేలు.

పూర్తి సైజు కీబోర్డులో ఎడమవైపు పైమూలన ఉండే ఎస్కేప్ కీ చుట్టూ ఖాళీ ఉంటుంది కనుక దాన్ని వాడండి. కీబోర్డు వెనక కాళ్ళు మడిచి బల్ల మీద చదునుగా ఉంచండి. తెర మీద స్టార్ట్ మెనూ తెరవండి. ఎస్కేప్ కీ మీద నాణేలు ఒక్కొక్కటిగా, నెమ్మదిగా పేర్చండి. ఎన్నో నాణేనికి మెనూ మూసుకుంటుందో అదే ఆ కీ కోరే బరువు. తయారీలో హెచ్చుతగ్గులు ఉంటాయి కనుక ఒకటి రెండు నాణేల తేడా సహజం.

మా ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఈ పరీక్షను పాత రబ్బరు కీబోర్డు మీదా, స్నేహితుడి దగ్గర తెచ్చిన ఎర్ర స్విచ్‌ల కీబోర్డు మీదా చేశాడు. రబ్బరు కీ ఎంతో సేపు మొండిగా నిలబడి, ఒక నాణెం పెట్టగానే ఒక్కసారిగా కూలిపోయింది. ఎర్ర కీ నాణెం నాణేనికీ కొంచెం కొంచెం దిగింది. ఎందుకని అడిగితే, బలం పెరిగినకొద్దీ స్ప్రింగు అదే నిష్పత్తిలో కుదించుకుంటుందనే హుక్ సూత్రం తనే చెప్పాడు.

ఆటకు ఏది మేలు?

పరుగెత్తే, కాల్చే ఆటల్లో ఒకే కీని గబగబా కొట్టాల్సి వస్తుంది. దానికి సాఫీ రకం అనుకూలం. టిక్కు రకంలో ఒక చిక్కుంది. అక్షరం పడిన చోటుకన్నా మరికాస్త పైకి వస్తే తప్ప స్విచ్ మళ్ళీ సిద్ధం కాదు. వెంటవెంటనే రెండోసారి కొట్టేటప్పుడు అది తెలుస్తుంది.

ఇక వేగం గురించి ప్రకటనలు. సాధారణ కీబోర్డు కంప్యూటర్‌కు సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి కబురు పంపుతుంది. గేమింగ్ కీబోర్డు 1000 సార్లు, అంటే మిల్లీసెకనుకోసారి పంపుతుంది. మిగిలేది గరిష్ఠంగా 7 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి పట్టే సమయం దాదాపు 200 మిల్లీసెకన్లు. పోటీల్లో ఆడేవారికి ఆ 7 పనికిరావచ్చు. సాయంత్రం గంటసేపు ఆడుకునే పిల్లవాడి గెలుపోటములు దాని మీద ఆధారపడవు.

ఇప్పుడు రేకులకు బదులు అయస్కాంతంతో పనిచేసే స్విచ్‌లు కూడా వచ్చాయి. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న హాల్ ప్రభావమే వీటికి ఆధారం. కీ ఎంత లోతు దిగిందో కొలిచి, ఏ లోతున అక్షరం పడాలో మనమే నిర్ణయించుకోవచ్చు. కానీ యంత్రమే ఆటగాడి పని చేసిపెట్టే స్థితి వచ్చేసరికి అభ్యంతరాలు మొదలయ్యాయి. ఎదురెదురు దిక్కుల కీలను కీబోర్డే మనకోసం సరిచేసిపెట్టే 'స్నాప్ టాప్' లాంటి సదుపాయాలను 2024 ఆగస్టులో వాల్వ్ సంస్థ తన కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. ఎక్కువ ధర పెట్టి కొన్న సదుపాయాన్ని ఆట నియమాలే ఒప్పుకోకపోవచ్చని పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

ఇంటికి ఏది మేలు?

ఆటగాళ్ళ సమీక్షల్లో ఈ ప్రశ్నకు చోటు తక్కువ. భిలాయ్‌లో మాత్రం ఇదే మొదటి ప్రశ్న. ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. కొలిమి రాత్రీ పగలూ ఆగదు కనుక ఊరు కూడా షిఫ్టుల మీద బతుకుతుంది. మన సిబ్బంది కుటుంబాల్లోనే భార్య బ్యాంకులో, భర్త ప్లాంటులో పనిచేసే ఇళ్ళున్నాయి. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. కరిగిన ఇనుము దగ్గర పనిచేసేవాడికి నిద్ర చాలకపోతే అది ఇంటి చిరాకుతో పోయే విషయం కాదు, ప్రాణం మీదికి వచ్చే విషయం. గోడకు అవతలి క్వార్టర్‌లోనూ అలాంటి మనిషే ఉండవచ్చు.

అలాంటి ఇంట్లో నీలం స్విచ్ వద్దు. ఎరుపో గోధుమో తీసుకుని, కీబోర్డు కింద మందపాటి గుడ్డ పరిస్తే బల్ల మోత తగ్గుతుంది. నిశ్శబ్ద ఎరుపు అనే రకం కూడా ఉంది. కాడ పైనా కిందా తగిలేచోట మెత్తటి పదార్థం పెట్టి శబ్దాన్ని మింగేస్తారు. దుకాణానికి పిల్లవాడితోపాటు, ఆ శబ్దం వినాల్సినవాళ్ళను కూడా తీసుకువెళ్ళండి. సుపేలాలోనో, సివిక్ సెంటర్‌లోనో ఒక్క నిమిషం కొట్టి వింటే, ఆన్‌లైన్‌లో పది సమీక్షలు చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

వేళ్ళ నొప్పులున్నవారికి ఒక మాట. తేలిక స్విచ్ హాయిగా అనిపించవచ్చు, కానీ కీబోర్డు మార్చడం వైద్యం కాదు. మణికట్టు వంగకుండా, మోచేయి బల్ల ఎత్తుకు సరిపడేలా కూర్చోవడం, మధ్యమధ్య చేతులకు విశ్రాంతి ఇవ్వడం ముఖ్యం. తిమ్మిరి తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

ఆటతోపాటు తెలుగు కూడా

మన పిల్లలు ఇక్కడ హిందీ, ఇంగ్లీషు రాస్తారు. తెలుగు మాట్లాడతారు గాని, రాయడం అంతంతమాత్రం. కొత్త కీబోర్డు వచ్చిన ఉత్సాహం ఉన్న నెలలోనే ఇన్‌స్క్రిప్ట్ నేర్పవచ్చు. ఇది భారతీయ లిపులన్నిటికీ కలిపి 1986లో రూపొందిన అమరిక. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. హిందీలో 'క' ఎక్కడుందో తెలుగులోనూ అక్కడే. రాజభాష శిక్షణలో హిందీ టైపు నేర్చుకున్న సిబ్బందికి తెలుగు టైపు సగం వచ్చినట్టే.

'అక్క' అని కొట్టి చూడండి. షిఫ్టుతో డి నొక్కితే 'అ', కె నొక్కితే 'క', ఒట్టి డి నొక్కితే పొల్లు, మళ్ళీ కె. ఎడమ, కుడి, ఎడమ, కుడి. తెలుగులో ఒత్తులు అడుగడుగునా ఉంటాయి కనుక డి కీకి పని ఎక్కువ. పొల్లు పడకపోతే 'అక్క' కాస్తా 'అకక' అవుతుంది. పడిందని వేలికి చెప్పే మెట్టు రకం ఇక్కడ ఉపయోగపడుతుంది.

లెక్క చూద్దాం

చెర్రీ సంస్థ నీలం స్విచ్‌కు 5 కోట్లు, ఎరుపుకు 10 కోట్ల నొక్కులు ఆయుష్షు చెబుతుంది. ఒకే కీని రోజుకు 10,000 సార్లు నొక్కినా, 5 కోట్లకు 5,000 రోజులు పడుతుంది. అంటే 13 ఏళ్ళు పైమాటే. ఇది తయారీదారు మాట. ఇంట్లో స్విచ్ అరగకముందే దుమ్ము, ఒలికిన టీ, తెగిన వైరు పని కానిస్తాయి. అందుకే స్విచ్‌ను ఊడదీసి మార్చుకోగల కీబోర్డు తీసుకుంటే, ఒక కీ పోయినప్పుడు మొత్తం పారేయక్కరలేదు. వారంటీ ఎన్నేళ్ళో, సర్వీసు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో అడగండి.

మరో రెండు విషయాలు. చాలా గేమింగ్ కీబోర్డులకు కుడివైపు అంకెల భాగం ఉండదు. ఇంట్లో ఎవరైనా బ్యాంకు పరీక్షకో, అకౌంట్ల పనికో కూర్చునేవారుంటే అది ఉన్నదే కొనండి. రెండోది, సొంత కీబోర్డును ఆఫీసు కంప్యూటర్‌కు అనుమతి లేకుండా తగిలించకూడదు. ఇలాంటి కీబోర్డుల్లో కొన్నిటికి సొంత మెమరీ, సొంత సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఖాతాదారుల సమాచారం ఉండే చోట వాటికి స్థానం లేదు.

కొనేముందు ఇంట్లో కూర్చుని ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి:

1. దీన్ని రోజూ వాడేది ఎవరు, దేనికి?
2. పక్కగదిలో పగలు పడుకునేవారున్నారా?
3. వేలికి ఆరు నాణేల బరువు హాయా, ఎనిమిదా?
4. అంకెల భాగం కావాలా?
5. ఒక కీ పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చా?

ఐదింటికీ జవాబులు పిల్లల చేతే రాయించండి. ఆ కాగితం చూశాక వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టాలనిపించవచ్చు, పాత కీబోర్డే ఇంకో ఏడాది చాలుననిపించవచ్చు. ఏది తేల్చుకున్నా, డబ్బు దేనికి పెడుతున్నారో పిల్లలకూ మీకూ తెలిసే ఉంటుంది.