ఎదిరి జట్టును తూచుట యెట్లు?

విద్యార్థులారా! వచ్చు మాసమున మన హైస్కూలు ఫుట్‌బాలు జట్టు ఒక కళాశాల జట్టుతో మైలవరమున ఆడనున్నది. ఈ వార్త తెలిసినది మొదలు మన వసారాలలో గోరంతలు కొండంతలగుచున్నవి. వారి గోల్‌కీపరు చేతులు చాచినచో గోలంతయు నిండునట! వారి ఫార్వర్డు తన్నిన బంతి కంటికే కనబడదట! ఈ మాటలు విని యొక బాలుడు జట్టునుండి తన పేరు తీసివేయుమని మమ్ము కోరెను. మఱికొందఱు "వారెంత?" యని తొడలు చఱచుచున్నారు. భయపడినవారు గాని, బింకములు పలుకువారు గాని ఆ జట్టు ఆటను ఒక్కమారైనను చూచినవారు కారు.

ఎదిరిని తూచుటకు వదంతి త్రాసు కాదు. ఈ విషయమును మనకు నేర్పదగిన గురువు హైదరాబాదునందే యుండిరి. సయ్యద్ అబ్దుల్ రహీంగారు 1909లో ఆ నగరమున జన్మించి, పాఠశాలోపాధ్యాయులుగా పనిచేసిరి. వారు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు మారులు రోవర్సు కప్పును గెలిచినది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో వారి శిక్షణమున భారత జట్టు నాలుగవ స్థానమును పొందినది.

1962లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మనవారు మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0గా ఓడిరి. పిదప థాయిలాండును 4–1గాను, జపానును 2–0గాను, దక్షిణ వియత్నామును 3–2గాను గెలిచి తుదియాటకు వచ్చిరి. ఎదుట మరల ఆ కొరియాయే! ఇంతలో మన వెనుక వరుసకు స్తంభమువంటి జర్నైల్‌సింగు తలకు గాయమై కుట్లు పడియుండెను. రహీంగారు ఆయనను కూర్చుండబెట్టలేదు. వెనుక వరుసనుండి తీసి ముందు వరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన పి.కె. బెనర్జీ ఒక గోలును, ఆ జర్నైల్‌సింగే రెండవ గోలును కొట్టిరి. తుదకు కొరియా ఒక గోలు కొట్టినను భారతము 2–1గా గెలిచి స్వర్ణపతకమును పొందినది. సికింద్రాబాదు నుండి వచ్చిన తులసీదాస్ బలరాము కూడ ఆ విజయమున పాల్గొనెను.

ఇందలి పాఠమేమి? కొరియావారు మొదట చూచినది వెనుక నిలిచిన జర్నైలును. తుదియాటలో వారి కెదురైనది ముందు నిలిచిన జర్నైలు. పాత తూకము చెల్లలేదు. మనవారికో, మొదటి యోటమియే ఎదిరిని చదువుటకు పుస్తకమైనది. ఎదిరిని మార్చుట మన చేతిలో లేదు. వారిని చూచి మనలను మార్చుకొనుట మాత్రము మన చేతిలోనిదే.

కావున ఆ కళాశాల జట్టు ఆడుచుండగా చూచి మీరు గమనింపవలసినవి ఇవి. వారి ఫార్వర్డులు ఏ కాలితో తన్నుదురు? గోల్‌కీపరు ఎత్తుగా వచ్చు బంతికి ముందునకు వచ్చునా, గోలుకడనే నిలుచునా? బంతి పోగొట్టుకొన్నపుడు వారి హాఫ్‌బ్యాకులు వెంటనే వెనుకకు మరలుదురా? చివరి పదునైదు నిమిషములలో ఎవరి కాళ్లు బరువెక్కును?

నేలను కూడ తూచవలెను. ఎండిన గట్టినేలపై బంతి ఎత్తుగను వడిగను లేచును. తడిసిన నేలపై నెమ్మదించును. మన మైదానపు పోకడ మనకు తెలిసినంతగా వారికి తెలియదు.

అన్నిటికంటె కష్టమైనది తన్ను తాను తూచుకొనుట. మన బ్యాకులు ఎడమకాలితో బంతిని తీయలేరు. అలసిన పిదప మన ఫార్వర్డులు వెనుకకు రారు. ఈ లోపములు రానున్న వారాల అభ్యాసముతో కొంతవఱకైనను తీరునవే.

రహీంగారు జకార్తా విజయము తరువాత ఏడాది నిండకయే, 1963 జూనులో, కాన్సరు వ్యాధిచే మరణించిరి. వారి పద్ధతి మాత్రము ఏ పాఠశాలకైనను అందుబాటులోనిదే.

పేరు తీసివేయుమన్న బాలునికి మేమొక పని యొప్పగించితిమి. ఆ కళాశాలవారు ఆడు తదుపరి యాటకు పోయి, గోలువెనుక కూర్చుండి, చూచినదంతయు ఒక కాగితముపై వ్రాసి తేవలెను. అతడు తిరిగివచ్చువఱకు పట్టికనుండి అతని పేరు కొట్టివేయబడదు.